రాజలింగు పెట్టిన ఊర్ల ఎగ్జిబిషన్

కోరుట్ల బస్టాండ్ ఎదురుంగ ఖాజా భాయ్ చాయ్ హోటల్ల రాజలింగు వచ్చి కూసున్నడంటే ఇగ ఆ బల్ల మీద ఇంకొకల మాట నడువది. ఆయనకు టెంట్‌హౌస్ ఉన్నది. పెండ్లిళ్లకు, చావులకు శామియానాలు, కుర్చీలు, వంట బగోన్లు కిరాయికిస్తడు. మనిషి మంచోడు, ఎవలకు ఆపతొచ్చినా ముందుగాల ఉరికేది ఆయనే. కని నోరు తెరిచిండంటే గోరంతది కొండంతైతది.

కిందటి నెల జగిత్యాలల చిన్నచిన్న ఊర్ల మీద ఒక ఎగ్జిబిషన్ పెట్టిన్రు. వంద గడపలు గూడ లేని ఊర్లల్ల జనం ఎట్ల బతుకుతున్నరు, ఏం పని చేస్తున్నరు, ఇంట్ల ఏమేం దాసుకున్నరు, గవన్ని చూపెట్టెటందుకు. సుస్మిత అని హైదరాబాద్ మేడం ఒకామె అచ్చి పెట్టిచ్చింది. అచ్చే నెల దాన్నే సిరిసిల్లల పెడ్తరట. టెంట్లు రాజలింగువి, ఊర్లల్ల సామాన్లు జమచేసింది గూడ ఆయనే. మాకు ఎరుకున్నది గంతే.

ఆ పొద్దు మేము నలుగురం ఉన్నం. గల్లా కాడ ఖాజా భాయ్, బల్ల మీద రిటైరైన బస్సు కండక్టర్ నర్సన్న, పక్కపొంటి జిరాక్స్ దుకాణం నడిపే నేను, నడుమ రాజలింగు. గప్పుడు ఆటో దిగి, మోకాళ్లు పట్టుకుంట లసుమవ్వ అచ్చింది. కథలాపూర్ అవుతల గుట్టకిందిపల్లె ఆమెది. అచ్చుడు అచ్చుడే రాజలింగును తన కేసెట్ ఏదని అడిగింది.

ఆ కేసెట్ సంగతి మాకందరికి ఎరుకే. ఆమె పెనిమిటి భూమయ్య దుబాయ్‌ల పని చేసేటోడు. అప్పట్ల ఊర్లె ఫోన్లు లేవు, రాసుడు రానోళ్లు ఉత్తరానికి బదులు కేసెట్ల మాట్లాడి, సెలవు మీద ఊరికచ్చేటోని చేతికిచ్చి పంపేది. గట్ల అచ్చిన కేసెట్లల్ల ఒక్కటే మిగిలింది. భూమయ్య అక్కడనే పాణమిడిసిండు. ఆయన గొంతు ఆ కేసెట్ల తప్ప దునియల ఇంకెక్కడ లేదు. ఇంట్ల టేప్‌రికార్డర్ కరాబై పన్నెండేండ్లైంది. ఎగ్జిబిషన్‌కు సామాన్లు కావాలె అని రాజలింగు ఊర్లెకు పోయినప్పుడు, అక్కడ పెట్టి ఇనిపిస్తే ఇంక ఆడుతదో లేదో తెలుస్తది గదా అని అవ్వ కొంగుముడి ఇప్పి ఇచ్చింది. మోకాళ్ల నొప్పులతోని తను చూడనీకె పోలేకపోయింది.

"ఆడిందా కొడుకా?" అని అడిగింది. గంతకన్న ఏం అడుగలే.

"ఆడిందా అంటున్నవా అవ్వా?" అన్నడు రాజలింగు. ఖాజా భాయ్ దిక్కు చూసి అవ్వకొక చాయ్ చెప్పిండు, కాళ్లు మడుసుకొని సక్కగ కూసున్నడు. "గట్ల అడిగితే ఒక్క మాటల చెప్పేది కాదది. మొదాలు కాంచి ఇంటెనే సమజైతది. కూసో.

"నన్ను పిలిచింది టెంటు కోసమే. నేను అబద్ధమెందుకు చెప్త? నాలుగు శామియానాలు, వంద కుర్చీలు, రెండు కూలర్లు. నేను గుంజలు పాతిచ్చుకుంట ఉన్న, మేడం బల్ల మీద పెద్ద కాయిదం పరిచి గీస్తున్నది. ఊకె అటు దిక్కు తొంగిచూసిన. ఊర్లె ఇల్లట అది. మట్టి గోడ, ముగ్గు, గడపకు పసుపు, సినిమాల ఇల్లున్నట్టున్నది. నేనన్న, మేడం, మా దిక్కు ఏ ఊర్లె ఏ ఇంట్లకు పోయినా ముందుగాల కానచ్చేది గిది కాదు, సజ్జ మీద తాడు గట్టిన దుబాయ్ కార్టన్ కానస్తది. దాని మీద నల్లరంగుతోని పేరు, ఊరు, వయా బొంబాయి అని రాసుంటది. అండ్లకెల్లి సామాన్ తీసి ఇరవై ఏండ్లైనా డబ్బ పారెయ్యరు, అండ్ల బొంతలో, ఇత్తనం పల్లికాయో దాస్తరు అన్న. గంతే. ఆమె పెన్సిల్ కింద పెట్టింది."

"గిది నిజమే" అన్నడు నర్సన్న. "మా ఇంట్ల మా తమ్మునిది ఇప్పటికి ఉన్నది."

"నర్సన్న ఒప్పుకున్నడంటే ఇగ కోర్టు ఒప్పుకున్నట్టే. గా తర్వాత ఏమైందో ఎర్కేనా? మేడం కుర్చీల కాంచి లేచి నిలవడ్డది. రాజలింగు గారూ అన్నది. గారూ అన్నది, ఖాజా భాయ్, నువ్వు జర ఇనుకో, రోజు నన్ను ఏయ్ టెంటూ అంటవ్. మేడమేమో, నేను ఆరేండ్లు ఇదే సదువు సదివిన గని సజ్జ మీది డబ్బ సంగతి నాకెవ్వలు చెప్పలే, ఇగ కాయిదం మీరే పట్టుకోండి అన్నది. నేను అద్దన్న. ఆమె ఇనలే. గప్పటిసంది ఆ ఎగ్జిబిషన్ల గోడెటు తిరగాలె, గల్మ, దర్వాజ ఎక్కడుండాలె, మనిషి ఏ అర్రల కాంచి ఏ అర్రలకు పోవాలె, బల్బు దేని మీద పడాలె, అన్ని నేను చెప్పినట్టే. ఆమె ఊకె నా ఎన్కపొంటి టేపు పట్టుకొని కొలుసుకుంట తిరిగింది.

"నాకు చెప్పద్దా మరి, గసొంటి ఊర్లె పుట్టినోణ్ణి నేను. డెబ్బై గడపలు మా ఊరు. మ్యాప్‌ల సుక్క గూడ ఉండది. బస్సు గూడ ఎవలన్న చెయ్యెత్తితేనే ఆగుతది, నర్సన్ననే సాచ్ఛం. గసొంటి ఊరును అద్దాల్ల పెట్టి, లైట్లేసి, జనం వరుసగట్టి చూసుడంటే నా కడుపు నిండింది. నిజంగ చెప్తున్న, మా నాయిన ఉంటే బాగుండనిపించింది.

"సరే. సామాన్లు కావాలె గదా. పది ఊర్లు తిరిగితే సాలు అన్నది మేడం. నేను నలభై తిరిగిన, నా ట్రాలీ ఆటోల. ఉట్టిగ అడిగితే ఎవలు సామాన్లియ్యరు, నా మొకం చూసి ఇస్తరు. వీర్నపల్లి దిక్కు ఒక పెద్దమనిషిని నాగలి అడిగిన. నాగలిచ్చిండు. నాగలొక్కటే పోతే బాగుండదని ఎడ్లనిచ్చిండు. ఎడ్లకు ఆకలైతదని గడ్డివామిచ్చిండు. నేను లేకుంటే ఎడ్లు నీళ్లు తాగయని ఆయన గూడ ఎక్కిండు. ఒక్క ట్రాలీల నాగలి, రెండు ఎడ్లు, వాము, మనిషి."

"వాము పట్టిందా ట్రాలీల?" అన్నడు నర్సన్న.

"సర్దెటోడు సర్దితే పడ్తది అన్నా. ఎనిమిది వందల కుర్చీలు ఒక్క ట్రిప్పుల తీస్కవోయేటోణ్ణి, గడ్డివాము నాకొక లెక్కనా?

"మొదటి అర్ర రాయికల్ దిక్కు ఊర్లది. రాయికల్ అంటే ఏంది, బీడీలు. మట్టితోని ఒక ఆడామె బొమ్మ చేయిచ్చిన, ఒడిల చాట, చాటల కత్తెర, దారం, తంబాకు, తునికాకు. ఆకు ప్లాస్టిక్‌ది పెడ్దామన్నది మేడం. కాదన్న. వాసన రాకుంటే అది ఊరే కాదన్న. నిజం ఆకు తెచ్చి, నానవెట్టి, తడి గోనెసంచిల సుట్టి మెత్తగ చేసి పెట్టిన. తప్పు అక్కడనే జరిగింది.

"మొదటి రోజు రాయికల్ కాంచి ఇరవై మంది ఆడోళ్లు అచ్చిన్రు. చూడనీకె అచ్చిన్రు, చూసి పోవాలె. కని ముంగట నానిన ఆకున్నది. నానిన ఆకును చూసుకుంట చేతులు కట్టుకొని నిలవడుమంటే రాయికల్ ఆడామె నిలవడ్తదా? అది ఎండితే కరాబైతదని ఆమె పాణం కొట్టుకుంటది. ఒకామె వంగింది. బొమ్మకు కత్తెర ఎడమచేతిల పెట్టిన్రు, ఎవడు పెట్టిండని నన్ను తిట్టింది. సరిచేసింది. ఊకె ఒక్కటి సుట్టి చూస్త అన్నది. ఒక్కటి సుట్టినంక ఆగుతదా చెయ్యి? కూసున్నది. ఆమె కూసుంటే పక్కామె కూసున్నది. కోడండ్ల ముచ్చట మొదలైంది. పొద్దుమూకే వరకు నా అర్రల చూపెట్టెటందుకు ఏం మిగుల్లే, మొత్తం బీడీలైంది. తొంభై వేలు, కట్టలు గట్టి పేర్చి పెట్టిన్రు. ఇంకో సంగతి చెప్తా, నమ్మితే నమ్ము, బొమ్మ చాటల గూడ ఐదు కట్టలున్నయి. ఎవలు సుట్టిన్రని అడిగిన. గామె చాట మేం ముట్టలే అని ఇరవై మంది పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నరు."

"మట్టిబొమ్మ సుట్టిందంటవా?" అన్నడు ఖాజా భాయ్.

"సుట్టిందని నేను అంటలేను. ఐదు కట్టలున్నయి అంటున్న."

లసుమవ్వ చాయ్ ఊదుకుంట, తన కేసెట్ ఏ అర్రల పెట్టిండని అడిగింది.

"ఆఖరి అర్రల అవ్వా. గొప్పది ఆఖరుకే పెట్టాలె. అస్తున్న.

"రెండో అర్ర సిరిసిల్ల దిక్కుది. సాంచ తెచ్చిన, కరెంటు మగ్గం. బంద్ చేసే పెడ్దామన్నది మేడం. ఆగిన సాంచ అంటే ఆరిన పొయ్యి, దాన్ని చూస్తే సిరిసిల్లోళ్లు ఏడుస్తరు, నడుపుదాం అన్న. నడిపిన. సిరిసిల్ల సాంచలోళ్లు నలుగురు అచ్చిన్రు. లోపలికి గూడ రాలే, గల్మల ఆగి చెవులు రిక్కిచ్చిన్రు. మోత తేడా ఉన్నది, ఎడమ దిక్కు కాంచి నూలు గుంజే నాడె ఆల్శంగ అస్తున్నది అన్నడొకాయన. అంగీ చేతులు మలిసి, జేబుల కాంచి పాన తీసిండు. ఎగ్జిబిషన్ చూడనీకె జేబుల పాన పెట్టుకొని అచ్చేటోళ్లు మన దిక్కు తప్ప యాడున్నరు? అద్దగంటల బాగుచేసిండు. కని ఎంత మంచిగ బాగైందంటే ఇగ అది ఆగుతలేదు. కరెంటు తీసినా ఆగుతలేదు. బట్ట అస్తనే ఉన్నది. అర్ర నిండింది, గేటు దాటింది, కోరుట్ల రోడ్డెక్కింది. జగిత్యాల కాంచి కోరుట్ల దాక తెల్లటి బట్ట. బస్సు డ్రైవర్లు దిగి, టైర్లు కడిగి, అప్పుడు ఎక్కిచ్చిన్రు, మైలైతదని."

"ఏ బస్సు? ముప్పై రెండేండ్లు తిరిగిన నేను ఆ రోడ్డు మీద" అన్నడు నర్సన్న.

"నువ్వు సర్వీసుల ఉండంగ కాదు అన్నా. నువ్వు రిటైరైనంక డ్రైవర్లు మంచోళ్లచ్చిన్రు."

"బట్ట కోరుట్ల దాక అస్తే నా హోటల్ ముంగటికెల్లే రావాలె గదా భాయ్" అన్నడు ఖాజా. "నేను చూడలే."

"నువ్వు లోపల మిర్చి గోలిస్తున్నవ్. నీ హోటల్ ముంగట గుంత ఉన్నది చూడు, గా గుంతల మడతలు పడి ఆగింది. లేకుంటే మెట్‌పల్లి పోతుండె.

"గిదంత ఒక ఎత్తు, మూడో అర్ర ఒక ఎత్తు. అర్ర అంటే పాపం, అది ఊరే. అరవై గడపల ఊరు ఉన్నదున్నట్టు కట్టిన. మీ ఊరే అవ్వా, గుట్టకిందిపల్లె. బోరింగ్ ఉన్న కాడ బోరింగ్ పెట్టిన. మీ వార్డుమెంబర్ ఇంటి గోడకు పగులు ఎటు పోయిందో నా గోడకు గూడ పగులు అటే కొట్టిచ్చిన. మీ ఊరోళ్లు రెండు ట్రాక్టర్ల అచ్చిన్రు. ఎవలకు ఏం చెప్పలే, ఎవలింటి ముంగటికి ఆళ్లే పోయి నిలవడ్డరు. ఒకామె కొంగున ఉన్న తాళంచెవి తీసి నేను పెట్టిన తాళానికి పెట్టింది. వచ్చింది అవ్వా తాళం! ఆమె లోపలికి పోయి పొయ్యి ముట్టిచ్చింది. పక్కింటామె గోడ మీదికెల్లి ఏం కూర అని అడిగింది. ఇగ అయిపోయింది.

"పొద్దుమూకితే పోతరనుకున్న. పోలే. రెండో రోజు బర్లను తోల్కచ్చిన్రు. మూడో రోజు పాలబండి నా గేటు ముంగట ఆగింది. నాలుగో రోజు పోస్టుమ్యాన్ ఉత్తరాలు పట్టుకొని ఎగ్జిబిషన్‌కే అచ్చిండు. ఐదో రోజు బోరింగ్ కాడ ఎవల బిందె ముందని కొట్లాటైంది, ఏడేండ్ల సంది మాటల్లేని అన్నదమ్ములు గా కొట్లాటల కలిసిపోయిన్రు. ఇగ చూడనచ్చినోళ్లు ఎట్ల చూడాలె? తలుపు కొట్టి, అక్కా జర లోపలికి రావచ్చా అనాలె. రా, కూసో, బువ్వ తిను అని ఆళ్లు. తిన్నోడు పండుకుంటున్నడు, పండుకున్నోడు పోతలేడు. మేడం తల పట్టుకున్నది. నేనన్న, గింత పరేషానెందుకు మేడం, ఇక్కడ ఊరైంది, అక్కడ అసలు ఊరు ఖాళీగున్నది, చూసేటోళ్లను అక్కడికి పంపుదాం, దాన్నే ఎగ్జిబిషన్ అనుకుందాం. బస్సులు పెట్టిచ్చిన. జనం గుట్టకిందిపల్లెకు పోయి, గోడలు ముట్టకుంట చూసి, ఫొటోలు దిగి అచ్చిన్రు."

"నేను ఊర్లెనే ఉన్న గదా కొడుకా" అన్నది లసుమవ్వ. "ఎవలు రాలే."

"నువ్వు పగటీలి కునుకు తీస్తున్నవ్ అవ్వా. ముసలామె పండుకున్నది, లేపద్దు అని అందరు చెప్పులు చేతుల పట్టుకొని నడిచిన్రు."

నర్సన్న నవ్వాపుకోలేక దగ్గరున్న పేపర్ మొకానికి అడ్డం పెట్టుకున్నడు. ఖాజా భాయ్ మిర్చి మాడుతున్నదని అరుసుకుంట కడాయి కాడికి ఉరికిండు. రాజలింగు ఎవల దిక్కు చూస్తలేడు. ఆయన మొకం ఎలిగిపోతున్నది. ఆ మొకం చూస్తే నాకైతే నమ్మబుద్ధైంది, నిజం చెప్తున్న.

లసుమవ్వ మాత్రం నవ్వలే. కప్పు కింద పెట్టి, ఇప్పుడు ఆఖరి అర్ర చెప్పుమన్నది.

"చెప్త అవ్వా. ఆఖరి అర్రల నేను ఎక్కువ సామాన్ పెట్టలే. అక్కడ చెయ్యి ఆపుడే పనితనం. ఒక సజ్జ, సజ్జ మీద కార్టన్, గోడకు దుబాయ్ టైం చూపెట్టే గడియారం, కింద చాప, చాప మీద టేప్‌రికార్డర్, పక్కన నీ కేసెట్. పక్కన పెట్టే అట్ట మీద ఏం రాద్దాం అని అడిగింది మేడం. రాతలద్దు, ఇనిపిద్దాం అన్న. నలభై మైకులు కట్టిన, గణేశ్ నిమజ్జనానివి. అందరు అచ్చినంక బటన్ ఒత్తిన."

"ఒత్తినంక?" అన్నది అవ్వ.

"ఒత్తినంక భూమయ్య మాట్లాడిండు." రాజలింగు గొంతు తగ్గించిండు. "జగిత్యాలకు జగిత్యాలే ఆగిపోయింది అవ్వా. మార్కెట్ల తరాజు పట్టుకున్నోని చెయ్యి గట్లనే నిలవడ్డది. రాయికల్ ఆడోళ్లు బీడీలు సుట్టుడు ఆపిన్రు, ఆళ్ల చేతులు ఆగంగ పుట్టినసంది ఎవ్వలు చూడలే. దేనికి ఆగని సాంచ దానంతటదే ఆగింది. గొంతు గుట్టలు దాటింది, సముద్రం దాటింది. గా తర్వాత ఏమైందో ఎర్కేనా? దుబాయ్‌ల నలభై అంతస్తుల బిల్డింగ్ మీద మనోళ్లు పని చేస్తున్నరు. ఆళ్లకు ఇనవడ్డది. ప్రతి ఒక్కడు మా నాయిన గొంతే అనుకున్నడు. పానలు, తాపీలు కింద పెట్టి కూసున్నరు. అరబ్బు సేటు, పనెందుకు ఆగిందని కోపంగ అచ్చిండు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఇన్నడు. తల మీది గుడ్డతోని కండ్లు తుడుసుకున్నడు. పోండ్రి, అందరు ఇండ్లకు పోండ్రి అన్నడు. మూడు విమానాలు నిండినయి. అవి హైదరాబాద్‌ల దిగాలె. కని పైలట్ గూడ ఇన్నడు గదా, తీస్కచ్చి సక్కగ జగిత్యాల మామిడికాయల మార్కెట్ల దింపిండు."

ఈసారి ఎవలు నవ్వలే. ఖాజా భాయ్ తమ్ముడు తొమ్మిదేండ్ల సంది మస్కట్‌ల ఉన్నడు. ఖాజా భాయ్ భుజం మీది తువ్వాలతోని మొకం తుడుసుకొని, పొయ్యి పొగ ఎక్కువైందన్నడు. పొగ ఏం లేదు.

లసుమవ్వ ముంగటికి వంగింది.

"ఏం మాట్లాడిండు కొడుకా? నాకేం చెప్పిండు?"

ఇంకొకడైతే గక్కడ ఆగుతుండె. అవ్వ మొకం చూసి, గింతదూరం అచ్చినంక ఉత్తచేతులతోని పంపుడు ఎట్లనిపించిందో ఏమో, రాజలింగు ఇంక నిటారుగ కూసున్నడు.

"మొత్తం నీతోనే మాట్లాడిండు అవ్వా. లసుమా, అన్నడు. లసుమా, ఈడ ఇసుక తప్ప ఏం లేదు, కండ్లు మూస్తె నువ్వే కానస్తున్నవ్, నీ చేతి గటక తినక నా కడుపు సల్లవడ్తలేదు, నా పాణమంత నీ కాడనే ఉన్నది లసుమా, అన్నడు. మైకులల్ల నలభై దిక్కుల కాంచి నీ పేరే. ఇన్నోళ్లల్ల ఏడువనోడు లేడు."

లసుమవ్వ ఆయన దిక్కు చూసింది. మెల్లగ నవ్వింది. ఆమె నవ్వుడు ఆ పొద్దు గదే మొదలు.

"నువ్వు కేసెట్ పెట్టలే రాజలింగు" అన్నది.

"పెట్టిన అవ్వా, నలభై మైకులు..."

"మా ఆయన బతికున్నన్ని దినాలు నా పేరు పలుకలే." ఆమె మాటల కోపం లేదు. "గా కాలపు మనిషి. ఇంట్లనే పలుకనోడు కేసెట్ల పలుకుతడా? కేసెట్ అచ్చిందంటే వాకిట్ల చాపేసి నడుమ మా మామ కూసునేది. అత్త, మరుదులు, ఆడిబిడ్డ, వాడకట్టోళ్లంత చుట్టు కూసునేది. నేను తలుపెన్క నిలవడేది. గంతమంది ముంగట పెండ్లాంతోని ముచ్చట పెడ్తడా మొగోడు? రెండు దిక్కుల కేసెట్ల నా ముచ్చట ఒక్కటి లేదు. నాయినా పాణం ఎట్లున్నదంటడు. అవ్వా నీ కాలినొప్పి తగ్గిందా అంటడు. తమ్ముణ్ణి తాగద్దంటడు. బాయి కాడ మోటర్ నడుస్తున్నదా, నల్లబర్రె ఈనిందా అంటడు. వాడకట్టుల పేరుపేరున అందరిని అడుగుతడు. నన్నడుగడు. పిల్లల తల్లి ఎట్లున్నదని గూడ అడుగడు."

ఖాజా భాయ్ అడిగిండు.

"మరి నీకేం పంపలేదా అవ్వా?"

"పంపిండు." ఇప్పుడు అవ్వ నిటారుగ కూసున్నది. ఆ మొకంల గర్వం చూడాలె. "ఇగ ఉంట నాయినా అని అందరికి చెప్పినంక, బంద్ చేసే ముంగట, రెండుసార్లు దగ్గుతడు. పొలం కాంచి ఇంటికచ్చినప్పుడు గల్మల నిలవడి గట్లనే దగ్గేటోడు. నేనచ్చిన, నీళ్లు తే, అని. గది ఇంట్ల ఇంకెవలకు సమజ్ కాకపోయేది. పోరనికి ఆడ సర్దైనట్టున్నదని మా మామ అనేటోడు. నేను తలుపెన్క నవ్వుకునేదాన్ని. ఊరంత కూసొని ఇన్నరు గని ఆ దగ్గు నా ఒక్కదానికే పంపిండు."

బస్సొకటి అచ్చి ఆగి, జనాన్ని దింపి పోయింది. రాజలింగు లేచి ట్రాలీ కాడికి పోయిండు. సీటు కింది కాంచి ఉతికిన దస్తీ మూట తెచ్చి, ఇప్పి, కేసెట్ అవ్వ చేతుల పెట్టిండు. ఆయన గంత సిన్న గొంతుతోని మాట్లాడంగ నేను ఎన్నడు ఇనలే.

"పెట్టలే అవ్వా. జగిత్యాలంత తిరిగితే ఒక్క టేప్‌రికార్డర్ దొరికింది. ముందుగాల ఉత్త పాటల కేసెట్ పెట్టి చూసిన. అది దాన్ని నమిలి రీలంత బయట పోసింది. నీది పెట్టనీకె చెయ్యి రాలే. పదిరోజులు అద్దాల డబ్బలనే ఉంచిన."

"జనం?" అన్నడు నర్సన్న.

"దినాం ఇరవై, ముప్పై మంది అచ్చిన్రు. సదువుకునేటోళ్లు కేసెట్ అంటే ఏందని అడిగిన్రు." చేతిల దస్తీ మడత పెట్టిండు. "కార్టన్ సంగతి మాత్రం నేనే చెప్పిన అన్నా. గది నిజం. మేడం నిజంగనే రాసుకున్నది."

"చెప్పినవ్, చెప్పినవ్" అన్నడు నర్సన్న. ఈసారి ఎగతాళి చెయ్యలే.

లసుమవ్వ కేసెట్‌ను ఎలుగుకు పెట్టి రీలు చూసింది. బొటనవేలితోని దుమ్ము తుడిసింది. పెట్టకపోవుడే మంచి పని అన్నది, నమిలిచ్చి తెస్తే ఏం చేద్దును అన్నది. మేము ఇగ కొంగున ముడేసుకుంటది అనుకున్నం. ఆమె దాన్ని మల్ల దస్తీల సుట్టి రాజలింగు చేతులనే పెట్టింది. సిరిసిల్లల గూడ పెట్టుమన్నది. ఇనిపిచ్చుడు అద్దు, అద్దంలనే ఉంచుమన్నది. పెట్టెల పడి ఉంటే ఆయన ఎవలకు ఎరుక, నేను పోతే నాతోనే పోతడు, అట్ట మీద రాసి పెడితే పదిమందన్న సదువుతరు అన్నది. మొత్తం ఆమెకు నోటికున్నదట, మొదాలు కాంచి చెప్తదట.

రాజలింగు నా దిక్కు చూసిండు. నేను దుకాణంలకెల్లి తెల్లకాయిదం, పెన్ను తెచ్చిచ్చిన. ఆయన బల్ల మీద కాయిదం పరుసుకున్నడు, అవ్వ చెప్పుకుంట పోయింది. నాయిన పాణం, తల్లి కాలినొప్పి, తమ్ముని తాగుడు, మోటర్, నల్లబర్రె, వాడకట్టోళ్ల పేర్లు. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆయన తలెత్తకుంట రాసిండు. ఆఖరుకు అచ్చినంక అవ్వ ఆయన చేతి మీద చెయ్యేసి ఆపింది.

"ఇగ ఉంట నాయినా అన్నంక, రెండుసార్లు దగ్గిండు, గది లసుమవ్వకు, అని రాయి" అన్నది. "రెండుసార్లే కొడుకా. నువ్వు ఇరవై అని రాసేవు."